చదువని కాగితముపై వ్రేలిముద్ర



నేను పండితుడను గాను. ఈ యూరి వర్తకులకును రైతులకును లెక్కలు వ్రాసిపెట్టి బ్రదుకువాడను. మా తండ్రిగారు పట్వారీ. 1984లో ఆ యుద్యోగము రద్దయిన పిదప దస్త్రములు పోయినవి. లెక్కల యలవాటు మాత్రము నాకు మిగిలినది. శబ్దరత్నాకరమును ప్రక్కన బెట్టుకొని, వసుచరిత్రమును రాత్రికొక పద్యము చొప్పున, గురువు లేకయే చదివితిని. కావున నాకు వచ్చిన విద్య యొక్కటే: మెల్లగా చదువుట. యువకులను గూర్చియు, వారి చేతి ఫోనులను గూర్చియు మాటాడుమని కార్యదర్శిగారు కోరగా, ఆ కొద్దిపాటి విద్యతోనే మీ యెదుట నిలిచితిని.

అప్పుపత్రమున నేమి వ్రాసియున్నదో తెలియని రైతు సిరా పూసిన బొటనవ్రేలు దానిపై నొత్తి పోవుట చిన్ననాడు మా యరుగుమీద కన్నులార చూచితిని. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది మొదలు, ఊరూర గ్రంథాలయములు నెలకొల్పిన పెద్దల మనసులలో ఆ వ్రేలిముద్రను మాన్పింపవలెనను కోరికయు నుండకపోదు.

1998 నవంబరు 22న మాదాపురమున సైబర్ టవర్సు ప్రారంభమయ్యెను. గుట్టలున్నచోట అద్దాల మేడలు లేచినవి. 2007లో మన శేరిలింగంపల్లి మహానగరమున గలిసెను. పిల్లలకు చదువు వచ్చినది, జీతము వచ్చినది. దానిని కాదనువాడను గాను. ఆ శబ్దరత్నాకరమే యిప్పుడు ఫోనులో దొరకును. కంటిచూపు తగ్గినది గనుక నేనును అందే చూచుచుందును.

నా మేనల్లుడు ఇంజనీరింగు చదివి, ఆ మేడలలో నొకదానియందు ఉద్యోగము చేయుచుండెను. 2020లో కరోనా కాలమున జీతము నిలిచినది. ఇంటిలో జెప్పుటకు సిగ్గుపడి, ఫోనులో నొక యప్పు తీసికొనెను. చిక్కు ముదిరిన పిదప నాయొద్దకు వచ్చెను. “కాగితమేదిరా?” అని యడిగితిని. తెరమీద పొడవైన ఆంగ్లపత్రమొకటి చూపెను. చదివితివా యనగా, “అదెవరు చదువుతరు మామా? నొక్కకుంటే ముందుకు పోదు” అనెను.

నేను లెక్క కట్టితిని. వ్రాసిన యప్పు 5,000 రూపాయలు. రుసుములని ముందే 1,500 కోసికొని చేతికిచ్చినవి 3,500. ఏడవనాటికి కట్టవలసినది నిండు 5,000. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీని మన యూళ్ళలో పాపపు వడ్డీ యని తిట్టుకొందుము గదా! ఆ లెక్కన 3,500కు ఏడు దినముల వడ్డీ ఇరువది నాలుగున్నర రూపాయలు. ఇచ్చట తీసికొన్నది 1,500. అరువది రెట్లకు పైమాట! రెండు మారులు కూడి చూచితిని, తప్పు లేదు.

వాయిదా తప్పిన మఱునాడే, ఫోనులోని పేరులన్నిటికిని “వీడు దొంగ” యని సందేశములు పోయెను. పై యధికారికిని, పిల్లనిచ్చుటకు మాటాడుచున్నవారికిని, నాకును వచ్చినవి. ఆ సంబంధము తప్పిపోయెను. పాతకాలపు షావుకారు కఠినుడే. కాని గడపయెదుట నిలిచి యడిగెడివాడు, ముఖమెఱిగిన వాడు. ఆ పత్రమును మే మిద్దఱము రెండు గంటలు చదివితిమి. పేర్ల పట్టికను చూచుకొనుటకు ఆతడే యనుమతి నిచ్చినట్లు మూడవ పుటలో నుండెను.

ఇట్టి వేధింపులకు తాళలేక ప్రాణములు విడిచినవారును మన రాష్ట్రమున గలరు. 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు ఇట్టి కార్యస్థానములపై బడి పలువురిని నిర్బంధించిరి. ఋణపు ఆప్‌లు పేర్ల పట్టికను ముట్టరాదనియు, ఏడాది వడ్డీ యెంతయో ముందే తెలుపవలెననియు 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు శాసించెను. ఆ వివరపత్రము అప్పుగొనువానికి తెలిసిన భాషలో నుండవలెనని 2024 ఏప్రిలులో మఱియొక యుత్తరువు చేసెను. మంచివే. కాని తెలిసిన భాషలో వ్రాసినను, చదువక నొక్కువాని కేమి లాభము?

మొన్న మేనల్లుడు బండి కొనుటకు బ్యాంకువారి పత్రము తెచ్చెను. “కూర్చో మామా, నేనే చదువుత” అని మొదలుపెట్టెను. రెండుచోట్ల ఆగి అర్థమడిగెను. ఒకటి నాకును తెలియలేదు. దానిపై ఇంకను చేవ్రాలు చేయలేదు.

ఇట్టి పత్రములున్నవారు ఎవరైనను తెండు. ఆదివారము సాయంకాలము అయిదు గంటలనుండి నేనిచ్చటనే యుందును. కిటికీ ప్రక్కనున్న ఆ బల్లను ఇచ్చుటకు కార్యదర్శిగారు ఒప్పుకొనిరి.