గాలివాన ఆగదు, ప్రాణనష్టాన్ని ఆపవచ్చు

1977 నవంబరు 19న దివిసీమను తుపాను ఉప్పెన ముంచెత్తింది. సుమారు 10,000 మంది ప్రాణాలు కోల్పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడింది. మహావృక్షాలు వేళ్లతో సహా కూలాయి, విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది. అయినా ఆంధ్రప్రదేశ్‌లో మృతులు వందలోపే. ఆ రెండు తుపానుల ఉప్పెన ఒకటి కాదు కదా అనవచ్చు. నిజమే. అయితే పక్కనున్న ఒడిశాను చూడండి. 1999 పెనుతుపానులో దాదాపు 10,000 మంది చనిపోగా, 2013లో ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు పదుల సంఖ్యలోనే మరణించారు. కారణం, గాలి తీరం తాకకముందే లక్షలాది మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించడం.

ఎప్పుడో వచ్చే తుపాను కోసం ఇంత ఖర్చా అని అడిగేవారున్నారు. తుపాను షెల్టరును స్తంభాల మీద కడతారు, ఉప్పెన నీరు కింద నుంచి పోతుంది, పైన జనం నిలుస్తారు. మిగతా రోజుల్లో అదే భవనంలో బడి నడపవచ్చు. ఆ ఖర్చు వృథా కాదు. హెచ్చరిక అందించే వ్యవస్థ, సిద్ధంగా ఉన్న ఆసుపత్రి, సాధన చేసిన సహాయక బృందం తుపానుకే కాక ఇతర ఆపదల వేళా అక్కరకొస్తాయి. కానీ మనం కదలకపోతే ఏ ఏర్పాటూ కాపాడలేదు. హెచ్చరిక వినగానే ఇల్లు వదలండి. నీళ్లు వచ్చాక దారి ఉండదు.