నోటికి వచ్చిన కీర్తన
(రేడియో ప్రసంగ పాఠము)

ఈ ఉదయము మొదట నాకు జరిగిన ఒక సిగ్గుపాటు చెప్పుకుని, తరువాత వాక్యములోనికి వస్తాను.

కొంతకాలము క్రితం మా సంఘపు పెద్ద ఒకాయన ఆసుపత్రిలో చివరి గడియలలో ఉన్నారని రాత్రివేళ కబురు వచ్చింది. ఉన్నపళంగా బయలుదేరాను. బైబిలు గ్రంథము సంచిలో పెట్టుకునే అలవాటు నాకు ఎప్పుడో పోయింది. అరవై ఆరు పుస్తకములూ ఫోనులోనే ఉన్నాయి కదా! ఐ.సి.యు. తలుపు దగ్గర కాపలా మనిషి, "ఫోను ఇక్కడ ఇచ్చి వెళ్లండి" అన్నాడు. ఇచ్చి వెళ్లాను. మంచము మీద ఆయన మెల్లగా, "అయ్యగారూ, ఇరవై మూడవ కీర్తన చెప్పండి" అన్నారు.

ఎన్ని సమాధుల దగ్గర చదివానో ఆ కీర్తన! ఉన్నవి ఆరే వచనములు. మొదటి మూడు బాగానే వచ్చాయి. నాలుగవది సగములో ఆగిపోయింది. ఆ తరువాత భోజనపు మాట ముందా, నూనె మాట ముందా? నాకు చెమటలు పట్టాయి. అప్పుడు ఆయన భార్య, సంతకానికి వేలిముద్ర వేసే ఆ తల్లి, "మీరుండండి అయ్యగారూ, నేను చెప్తాను" అని మొదటి నుండి చివర వరకు ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పింది. ఆయన పెదవులు ఆమెతోపాటు కదిలాయి. తెల్లవారకముందే ఆయన ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు.

తరువాత ఒకనాడు అడిగాను, "ఎలా నేర్చుకున్నారమ్మా?" అని. "పొయ్యి దగ్గర మా అమ్మ రోజూ చెప్పేదండీ. మర్చిపోతే మళ్లీ చూసుకోవడానికి నాకు చదువా పాడా?" అన్నది.

శ్రోతలారా, ఈ మాటను నేను చాలా రోజులు నెమరు వేసుకున్నాను. మళ్లీ చూసుకోవచ్చు అనే ధీమా నాకున్నది. ఆమెకు లేదు. అందుచేత కీర్తన ఆమె దగ్గర ఉన్నది, నా ఫోనులో ఉన్నది.

ఇది ఈనాటి సంగతి కాదు. క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్దములో గ్రీకు జ్ఞాని ప్లేటో "ఫేద్రస్" అను గ్రంథములో ఒక కథ వ్రాశాడు. థ్యూత్ అను ఐగుప్తు దేవత అక్షరములను కనిపెట్టి, ఇక ప్రజల జ్ఞాపకశక్తి పెరుగుతుందని థామస్ అను రాజుకు చూపించాడట. రాజు ఒప్పుకోలేదు. వ్రాతను నమ్ముకున్నవారు లోపల దాచుకోవడం మానేస్తారనీ, ఇది మరపునే తెస్తుందనీ అన్నాడట. చమత్కారమేమిటంటే, ప్లేటో దానిని వ్రాసి ఉంచబట్టే మనకు ఆ కథ తెలిసింది!

2011లో అమెరికాలో బెట్సీ స్పారో అనే ఆచార్యురాలు, మరి ఇద్దరు కలసి చేసిన పరిశోధన ఒకటి "సైన్స్" పత్రికలో వచ్చింది. కొందరిచేత చిన్న చిన్న సంగతులను కంప్యూటరులో టైపు చేయించారు. సగము మందికి ఇది భద్రముగా ఉంటుందని, సగము మందికి చెరిగిపోతుందని చెప్పారు. చెరిగిపోతుందనుకున్నవారికే ఎక్కువ గుర్తున్నది. ఆ తల్లి పొయ్యి దగ్గర మాట ఇదే కదా! మీ ఇంటివారి ఫోను నంబర్లు మీకు ఎన్ని నోటికి వస్తాయి? ఒకసారి లెక్కపెట్టి చూడండి.

అయితే పరికరము పాపమని నేను చెప్పను. వాక్యములోనే జ్ఞాపకమునకు ఎన్నో సాధనములు ఉన్నాయి. 119వ కీర్తన తెరవండి. ఆలెఫ్, బేత్, గీమెల్ అని పైన కనబడతాయి. చాలామంది అవేమిటో తెలియక దాటిపోతారు. అవి హెబ్రీ అక్షరముల పేర్లు. ఇరవై రెండు అక్షరములు, అక్షరమునకు ఎనిమిది వచనములు, మొత్తము 176. ఆలెఫ్ క్రింద ఎనిమిదీ ఆ అక్షరముతోనే మొదలవుతాయి. అక్షరమాల వచ్చినవాడికి తరువాత ఏమి వస్తుందో పట్టు దొరుకుతుంది. మన తెలుగులో ఆ పట్టు పోయింది, పేర్లు మాత్రము మిగిలాయి. మన కీర్తనల పుస్తకములో రాగము, తాళము చూపించి ఉండేదీ పాటకు అటువంటి పట్టే. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు చదువురాని పెద్దలు ఎందరో ఇప్పటికీ చూడకుండా పాడతారు. యొర్దానులో నుండి యెహోషువ తీయించిన పన్నెండు రాళ్లు కూడా అంతే. పిల్లలు ఈ రాళ్లేమిటని అడిగితే పెద్దలు నోరు తెరచి చెప్పాలి. రాయి తానుగా జవాబు చెప్పదు. ఫోను చెబుతుంది, అక్కడే తేడా.

ఇప్పుడు యిర్మీయా 36వ అధ్యాయమునకు రండి. ప్రవక్త చెప్పగా బారూకు సిరాతో చుట్టలో వ్రాశాడు. తొమ్మిదవ నెల, చలికాలము. యెహోయాకీము రాజు ముందు కుంపటి రగులుతున్నది. యెహూది మూడు నాలుగు పుటలు చదవగానే, చదివిన భాగమును చాకుతో కోసి కుంపటిలో వేశారు. ఆ చాకు లేఖకునిది! వ్రాతపని చేసేవాని పనిముట్టే వ్రాతను కోసింది. చుట్ట అంతా బూడిద అయింది. మరి యిర్మీయా ఏమి చేశాడు? మరియొక చుట్ట తెప్పించాడు. బారూకు మళ్లీ కూర్చున్నాడు. కాలిపోయిన మాటలన్నీ యిర్మీయా నోట మళ్లీ వచ్చాయి, ఇంకా ఎక్కువ మాటలూ చేరాయి. దేవుడే తిరిగి తెలియజేశాడని కొందరంటారు. నేను వాదించను. కాని ఆ మాటలు చుట్టలోకి వెళ్లిన తరువాత ఆయన లోపల ఖాళీ అయిపోలేదు. చుట్ట లేకపోతే అవి మనదాకా వచ్చేవి కావు, యిర్మీయా నోరు లేకపోతే ఆ కుంపటి దగ్గరే ఆగిపోయేవి.

నా ఫోను ఇప్పటికీ జేబులోనే ఉన్నది, దానిలో బైబిలూ ఉన్నది. కాని గురువారము సాయంకాలము ఆ తల్లి ఇంటికి వెళుతున్నాను. ఆమె గుమ్మములో కూర్చుంటుంది, నేను ఎదురుగా కూర్చుని అప్పజెప్పాలి. ఇరవై మూడవది అయిపోయింది. ఇప్పుడు 121వ కీర్తన, ఎనిమిది వచనములు. నేను మధ్యలో ఆగితే ఆమె వెంటనే అందించదు. "వస్తుందిలే అయ్యగారూ, కంగారు పడకండి" అని ఊరుకుంటుంది.