నగర వీథుల్లో కార్ల పందెం: ఆకర్షణ, అసౌకర్యం
(ఉపన్యాస పాఠం)



2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో చెన్నై నగరం నడిబొడ్డున ఫార్ములా 4 కార్ల పందెం జరిగింది. ఐలాండ్ మైదానం చుట్టుపక్కల ఫ్లాగ్ స్టాఫ్ రోడ్డు, నేపియర్ వంతెన ప్రాంతం, శివానంద రోడ్డు, అణ్ణాసాలై మొదలైన దారులు, అంటే నిత్యమూ బస్సులూ ఆటోలూ తిరిగే దారులే, సుమారు 3.5 కిలోమీటర్ల పందెపు బాటగా మారాయి. దీపాల వెలుగులో, రాత్రివేళ, నగర వీథుల్లో ఇటువంటి పోటీ జరగడం భారతదేశంలో అదే ప్రథమం. 2023 డిసెంబరులోనే జరగవలసిన ఆ పోటీ మిచౌంగ్ తుపాను వల్ల వాయిదా పడింది. నడుమ వ్యవహారం మదరాసు హైకోర్టు వరకూ వెళ్లింది. ఒక క్రీడ కోసం ఇంత సన్నాహమూ, ఇంత వివాదమూ ఎందుకని సామాన్య పౌరుడు అడగడం సహజం. ఆ ప్రశ్నకు రెండు వైపుల నుంచీ సమాధానం వెతకడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

మదరాసుకు మోటారు పందేలు కొత్త కాదు. నెల్లూరు వైపు పోయే దారిలో ఉన్న షోళవరంలో, రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానాల బాట మీద, దశాబ్దాల పాటు పందేలు సాగాయి. 1990లో శ్రీపెరుంబుదూరు సమీపాన ఇరుంగాట్టుకోట్టైలో శాశ్వతమైన ట్రాక్ ఏర్పడింది. ఫార్ములా 1లో పాల్గొన్న మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ కోయంబత్తూరు వాడు. ఆ తరువాతి వాడు కరుణ్ చందోక్ చెన్నై వాడు. కాబట్టి ఈ క్రీడ మీద ఇక్కడి వారికున్న మక్కువ నిన్న మొన్న పుట్టింది కాదు.

మరి ఊరి బయట ట్రాక్ ఉండగా ఊరి నడుమ పందెం దేనికి? దీనికి జవాబు మొనాకోలో దొరుకుతుంది. 1929లో అక్కడ మొదలైన పందెం నేటికీ ఆ చిన్న పట్టణపు సందుల్లోనే జరుగుతున్నది. శాశ్వత ట్రాక్ మీద కారు అదుపు తప్పితే పక్కన విశాలమైన ఖాళీ స్థలం ఉంటుంది. తప్పును దిద్దుకునే వీలుంటుంది. వీథిలో అటువంటి సదుపాయం లేదు. జానెడు పక్కకు జరిగితే కాంక్రీటు గోడ తగులుతుంది. రోడ్డు మీది తెల్లగీతలు వానకు జారుతాయి. రోజూ వాహనాలు వదిలే దుమ్మూ నూనే మొదటి కొన్ని చుట్లలో టైర్లకు పట్టు చిక్కనివ్వవు. డ్రైవరు నేర్పు ఇటువంటి చోటనే తేటతెల్లమవుతుంది.

చూపరికి కలిగే ఆనందం వేరొకటి. తాను నిత్యం ఎక్కే బస్సు మలుపు తిరిగే చోటే కారు మెరుపులా దూసుకుపోతుంది. చెన్నైలో గుర్రం మీద కూర్చున్న సర్ థామస్ మన్రో విగ్రహం, రాయలసీమ వారు ఇప్పటికీ తలుచుకునే ఆ మన్రో దొర విగ్రహం, ఆ పరిసరాల్లోనే ఉంది. తెలిసిన ఊరు ఒక్క రాత్రి తెలియని ఊరిలా కనిపించడంలో ఒక అబ్బురం ఉంది. సొంత వాహనం లేని వాడు కూడా మెట్రోలోనో లోకల్ రైలులోనో వచ్చి చూడగలగడం మరొక సౌలభ్యం. హోటళ్లకు బేరం, నగరానికి పేరు వస్తాయి. 2008 నుంచి సింగపూరు రాత్రి పందెం ద్వారా తన నగర దృశ్యాన్ని లోకానికంతా చూపించుకుంటున్నది.

ఇక రెండవ వైపు చూడాలి. వీథులు ఇరుకైనందువల్ల వెనుక కారు ముందు కారును దాటడం కష్టం. 2024లో మొనాకో ఫార్ములా 1 పోటీలో తొలి పది స్థానాల వారు ఏ వరుసలో బయలుదేరారో అదే వరుసలో గమ్యం చేరారు. అంటే అసలు పందెం ముందురోజే ముగిసినట్లయింది. రోడ్డు కింద ఉన్నవి కూడా అప్పుడప్పుడు పందెంలోకి వస్తాయి. 2023లో లాస్ వేగాస్‌లో మొదటి సాధన మొదలైన కొద్ది నిమిషాలకే రోడ్డులోని ఒక ఇనుపమూత లేచి ఫెరారీ కారు అడుగుభాగాన్ని ధ్వంసం చేసింది. ఆ సాధన ఆగిపోయింది. రెండవది తెల్లవారుజామున జరిగే వేళకు ప్రేక్షకులను ఇళ్లకు పంపివేశారు. మ్యాన్‌హోళ్లు నిండిన నగరాలకు ఇది చిన్న పాఠం కాదు.

హైదరాబాదు అనుభవం తెలుగువారు ప్రత్యేకంగా గమనించదగినది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల బాటపై విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పోటీ జరిగింది. దేశంలో ఆ పోటీ జరగడం అదే మొదలు. ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. పొగ లేదు, చెవులు చిల్లులు పడే రొద లేదు. అయినా చిక్కులు తప్పలేదు. పోటీకి ముందురోజు మామూలు వాహనాలు ట్రాక్ మీదికి వచ్చేశాయి. చుట్టుపక్కల దారులు కొన్ని రోజుల పాటు మూతపడి జనం ఇబ్బంది పడ్డారు. 2024లో జరగవలసిన రెండవ పోటీ రద్దయింది. ఆ రెండవ పోటీకి సంబంధించిన చెల్లింపులు తరువాత విచారణకు వచ్చాయి. కారు పొగ విడవకపోయినంత మాత్రాన ఖర్చు కంటికి కనబడకుండా పోదని ఇందువల్ల తెలుస్తున్నది. స్పెయిన్‌లోని వలెన్సియా నగరం 2008 నుంచి 2012 వరకూ ఓడరేవు వీథుల్లో ఫార్ములా 1 నడిపి మానుకుంది. ఆ బాట ఆ తరువాత పాడుపడిపోయింది.

అన్నిటికన్నా ముఖ్యమైనది రోడ్డు ఎవరిది అన్న ప్రశ్న. మూడు రోజులు రోడ్డు మూస్తే కారున్న వాడు చుట్టు తిరిగి పోతాడు. బస్సును నమ్ముకుని చింతాద్రిపేట నుంచో తిరువల్లిక్కేణి నుంచో పనికి వెళ్లే వారికి ఆ చుట్టు అరపూట కూలి. రోడ్డు పక్క ఇడ్లీ బండి పెట్టుకున్న వానికి బండి తీసేయడమంటే పొయ్యి ఆర్పుకోవడమే. ఐలాండ్ మైదానానికి దగ్గరలోనే రెండు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. 108 వాహనానికి దారి ఎటు అన్నది పందెం నాటి రాత్రి ఆలోచించవలసిన విషయం కాదు. అనుమతి ఇచ్చే నాడే తేల్చవలసిన విషయం.

మరొక అపాయం చప్పుడు లేకుండా వస్తుంది. గోడలూ, కంచెలూ, శిరస్త్రాణాలూ, అగ్నిమాపక దళమూ, వైద్యులూ ఉన్న చోట జరిగేది క్రీడ. అదే రోడ్డు మీద మరునాటి రాత్రి ఇద్దరు కుర్రవాళ్లు బైకుల మీద చేసేది నేరం. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను ప్రకారం ప్రభుత్వపు లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో పందెం వేస్తే మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మళ్లీ చేస్తే ఏడాది దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా. పందెం చూడడానికి పిల్లలను తీసుకుపోయే తల్లిదండ్రులు ఈ తేడాను ఆ నాడే చెప్పడం మేలు.

కనుక వీథి పందేలను గుడ్డిగా పొగడనూ వద్దు, మూకుమ్మడిగా తెగడనూ వద్దు. నగరం తన రోడ్డును అరువిచ్చే ముందు కొన్ని షరతులు పెట్టుకోవాలి. పందెం కోసం వేసిన రోడ్డూ, పెట్టిన దీపాలూ తరువాత జనానికి పనికిరావాలి. ప్రజాధనం ఎంత, నిర్వాహకుల సొమ్ము ఎంత అన్నది ముందుగానే ప్రకటించాలి. జీవనం కోల్పోయే చిరువ్యాపారులకు ఆ కొద్ది రోజులూ ప్రత్యామ్నాయ స్థలం చూపాలి. దారి మళ్లింపుల ప్రకటన తమిళం, ఆంగ్లాలతో పాటు తెలుగులోనూ, ఇక్కడ పనిచేసే వారి ఇతర భాషల్లోనూ బస్సు నిలయాల వద్ద కనిపించాలి. తలుపు మూసే ముందు ఇంట్లో వారికి చెప్పడం కనీస మర్యాద.

పౌరుల వంతు కూడా ఉంది. మూసిన దారి తిరిగి తెరవకపోయినా, తవ్విన కాలిబాట అలాగే ఉండిపోయినా చెన్నైలో నగరపాలక సంస్థ ఫిర్యాదుల నంబరు 1913కు తెలియజేయవచ్చు. ఇది మా ఊరు కాదు, మాకెందుకు అన్న మాట తరాలుగా ఇక్కడ స్థిరపడిన వారికీ తగదు, నిన్న రైలు దిగిన వారికీ తగదు. పన్ను కట్టే వాడూ, చెమటోడ్చే వాడూ ఈ రోడ్డుకు హక్కుదారులే.

కార్లు రెండు రాత్రులు తిరిగి వెళ్లిపోతాయి. మూడవ నాటి ఉదయం ఆ దారిన మొదటి బస్సు సకాలంలో, క్షేమంగా నడిచిందా లేదా అన్నదే నగరం గెలిచిందా ఓడిందా అని చెప్పే కొలత.