ఎడారి ముచ్చట, మన చెరువు ముచ్చట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం వాళ్లు ఫోన్ చేసి, "అన్నా, నువ్వు జైసల్మేర్ పోయి వచ్చినవు గదా, ఆ ఎడారి ముచ్చట ఒక పావుగంట చెప్పు. సలహాలు, సూక్తులు వద్దు" అన్నారు. ఎడారి ముచ్చటే చెప్తాను. కాకపోతే నేను సివిల్ ఇంజనీరును. ముప్పై ఏళ్లుగా కట్టలు, కాల్వలు, పైపులతోనే నా పని. ఒంటె మీద కూర్చున్నా నా కళ్లు నీళ్ల జాడే వెతుకుతాయి. కాబట్టి మాట మధ్యలో మన చెరువు వస్తే ఓపిక పట్టండి.

రెండేళ్ల కిందట డిసెంబరులో జోధ్‌పూర్‌లో ఒక పని మీద పోయి, అక్కడి నుంచి ఇద్దరు సహోద్యోగులతో జైసల్మేర్ వెళ్లాను. ఆ ఊరిని 1156లో రావల్ జైసల్ అనే భాటీ రాజు కట్టించాడు. కోట మొత్తం పసుపు రాయి. పొద్దు వాలేటప్పుడు బంగారంలా కనిపిస్తుంది. సత్యజిత్ రాయ్ 1974లో తీసిన సినిమాకు 'సోనార్ కెల్లా' అని పేరు పెట్టింది ఈ కోటను చూసే. కోట ఉన్న గుట్ట పేరు త్రికూట. ఆ మాట వినగానే మనకు ఏం గుర్తుకొస్తుంది? మన ఛాయా సోమేశ్వరాలయం. మూడు గర్భగుళ్ల త్రికూటాలయం. ఇంచుమించు వాళ్లు అక్కడ కోట కట్టుకుంటున్న కాలంలోనే ఇక్కడ కందూరు చోడులు గుళ్లు కట్టారు, ఉదయ చోడుడి పేరు మీద ఉదయసముద్రం తవ్వించారు.

జైసల్మేర్‌లో మొదట చూపించింది గడీసర్ చెరువు. మొదట తవ్వించింది రావల్ జైసలే అంటారు. తర్వాత 14వ శతాబ్దంలో గడ్సీ సింగ్ బాగు చేయించాడు. ఆ పేరే నిలిచింది. కొన్ని వందల ఏళ్లు ఆ ఊరు తాగింది ఈ వాన నీళ్లే. ఆ చెరువు నిండితే అలుగు నీళ్లు కింద వరుసగా కట్టుకున్న చెరువుల్లోకి పోయేవి. మనం గొలుసుకట్టు అంటామే, అదే పద్ధతి. గుర్తుంచుకోండి, అక్కడ ఏడాదికి కురిసే వాన 200 మిల్లీమీటర్లు కూడా ఉండదు. మనకు సుమారు 700 పడుతుంది. అంటే మనకు పడేదాంట్లో నాలుగో వంతు, మంచి ఏడాదైతే మూడో వంతు. అంతే వానతో ఒక రాజధాని బతికింది.

మధ్యాహ్నం రెండు గంటలకు జీపు ఎక్కాం. డ్రైవరు ఒకరు, గైడు ఒకరు. మన నల్లగొండ హిందీ అక్కడ బాగానే పనికొచ్చింది. సుమారు 40 కిలోమీటర్ల అవతల సమ్ అనే చోట ఇసుక దిబ్బలు చూసి, రాత్రికి తిరిగి రావాలి. దారిలో రెండు చోట్ల ఆగాం.

మొదటిది కుల్‌ధరా. పాలీవాల్ బ్రాహ్మణులు విడిచిపోయిన ఊరు. మొండిగోడలు, వీధులు వరుసగా అట్లనే ఉన్నాయి. సాలిం సింగ్ అనే దివాను ఆ ఊరి అమ్మాయి మీద కన్నేశాడని, పరువు కోసం ఒక్క రాత్రిలో ఊరంతా లేచిపోయిందని, పోతూ పోతూ శాపం పెట్టారని గైడు కథ చెప్పాడు. బాగా చెప్పాడు కూడా. కానీ చరిత్ర చదివినవాళ్లలో చాలామంది చెప్పే కారణం వేరు: పన్నుల బరువు ఒకటి, బావుల్లో నీళ్లు తగ్గడం ఇంకొకటి. శాపం కథ వినడానికి బాగుంటుంది. నీళ్లు తగ్గిన కథ మాత్రం మనం చూసిందే. మన జిల్లాలో, పక్కన పాలమూరులో బావి ఎండి తాళం పెట్టిన ఇళ్లు ఎన్ని చూడలేదు? మట్టిపనికి వలస పోయిన కుటుంబాల పిల్లలు మన తరగతుల్లోనే మధ్యలో మాయమైపోయేవారు. హాజరు పట్టీలో పేరు ఉండేది, మనిషి ఉండేవాడు కాదు.

రెండోది నేను అడిగి ఆపించుకున్న చోటు. రోడ్డు పక్కన ఒక్కసారిగా పచ్చటి శనగ చేను కనిపించింది. చుట్టూ రాళ్లు, ముళ్ల కంపలు. బోరు లేదు, కరెంటు తీగ లేదు, కాల్వ లేదు. దాన్ని ఖడీన్ అంటారు. పల్లానికి అడ్డంగా ఒక మట్టికట్ట వేస్తారు. చుట్టూ ఉన్న రాతినేల మీద పడిన వాన జారి వచ్చి కట్ట వెనక నిలుస్తుంది. ఎక్కువైతే పోవడానికి అలుగు, అవసరమైతే వదలడానికి తూము. చలికాలం వచ్చేసరికి నీళ్లు ఇంకిపోయి నేల తడిగా ఉంటుంది. అప్పుడు శనగలో గోధుమలో చల్లుతారు. ఆ తడితోనే పంట చేతికొస్తుంది. ఈ పద్ధతి పాలీవాల్‌ల పేరు మీదే ప్రసిద్ధి. మన దగ్గర చెరువు తగ్గుతుంటే వెనక వెనకే శిఖం భూమిలో పంట వేస్తారు కదా, దానికి ఇది అన్న.

అక్కడివాళ్లు నీళ్లను మూడు రకాలుగా లెక్కపెడతారు. వాన నీళ్లు పాలర్ పానీ. లోతు బావి నీళ్లు పాతాళ పానీ. ఈ రెంటికీ మధ్య ఇసుకలో చిక్కుకున్న చెమ్మ రేజానీ పానీ. కొన్ని చోట్ల ఇసుక కింద జిప్సం పొర ఉంటుంది. పైన ఇంకిన తడి ఆ పొర మీద ఆగుతుంది, కిందున్న ఉప్పు నీళ్లలో కలవదు. ఆ పొర దాకా మనిషి పట్టేంత సన్నటి బావి తవ్వి, రోజుకు కొన్ని కుండల మంచినీళ్లు ఊరించుకుంటారు. పాతాళ పానీని మాత్రం వీలైతే తాగరు.

ఎందుకు తాగరని అడిగాను. గైడు "ఖారా హై సాబ్" అన్నాడు. డ్రైవరు ఏమీ అనలేదు, నవ్వాడు. ఆ పళ్లు చూడగానే నాకు మాట రాలేదు. నల్లగొండ జిల్లాలో పుట్టినవాడికి ఆ గోధుమరంగు చారలు ఏమిటో డాక్టరు చెప్పక్కర్లేదు. "చిన్నప్పుడు ఊరి బోరు నీళ్లేనా?" అన్నాను. "మీకెలా తెలుసు?" అన్నాడు. మాది నల్లగొండ అన్నాను. ఆయనకు ఆ పేరు తెలియదు. కానీ ఫ్లోరైడ్ పని చేసేవాళ్లకు తూర్పు ఆఫ్రికాలో కూడా తెలుసు. నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని తయారుచేసి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. ఒక ఊరి పేరు ప్రపంచానికి ఇట్లా కూడా తెలుస్తుంది.

ఇక సమ్ దిబ్బలు. ఒంటె లేచేటప్పుడు ముందుకు తూలి, వెనక్కి తూలి, మనల్ని దేవుణ్ణి తలచుకునేలా చేస్తుంది. పొద్దు కూకడం అద్భుతం. ఆ తర్వాత పాటలు, వేడి వేడి బాజ్రా రొట్టె. మన జొన్నరొట్టె తిన్నవాళ్లకు కొత్తేం కాదు. చీకటి పడగానే చలి ఎముకల్లోకి దిగింది.

తిరుగు దారిలో డ్రైవరే మాట కదిపాడు. ఇప్పుడు వాళ్ల పిల్లల పళ్లు బాగున్నాయట, కాల్వ నీళ్లు వస్తున్నాయట. ఇందిరాగాంధీ కాల్వ అది. పంజాబ్‌లో సట్లెజ్, బియాస్ నదులు కలిసే హరికే దగ్గర మొదలై 649 కిలోమీటర్లు వస్తుంది. 1958లో పని మొదలుపెడితే, జైసల్మేర్ జిల్లా మోహన్‌గఢ్‌కు నీళ్లు చేరింది 1987 జనవరి 1న. ఆ తండ్రి సంతోషం ముందు ఏ ఇంజనీరు విమర్శా నిలబడదు. మన దగ్గర మిషన్ భగీరథ పైలాన్ 2015లో చౌటుప్పల్‌లో ఎందుకు పెట్టారో మన జిల్లా తల్లులకు తెలుసు.

అయినా ఇంజనీరుగా ఒక మాట చెప్పాలి. నీళ్లు తేవడం సగం పని. వచ్చిన నీళ్లు ఎటు పోతాయో చూడడం మిగతా సగం. ఇందాక చెప్పిన జిప్సం పొర ఉంది చూడండి, సన్నటి బావికి మంచినీళ్లు నిలిపింది అదే, కాల్వ కింద ఎక్కువ నీళ్లు పారించిన చోట పొలాలను చవుడు చేసిందీ అలాంటి గట్టి పొరలే. నీళ్లు దిగడానికి దారి లేదు. జైసల్మేర్ కోటలోనూ అదే జరిగింది. ఎనిమిది వందల ఏళ్లు కుండలతో నీళ్లు మోసుకున్న కోట నిలబడింది. ఇంటింటికీ కుళాయి వచ్చాక, వాడిన నీళ్లు బయటికి పోయే దారి సరిగా లేక పునాది కింది మెత్తటి పొరల్లోకి దిగాయి. బురుజులు కుంగాయి, గోడలు కూలాయి. 1996లో ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాకెక్కింది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఉదయసముద్రం ఇవాళ నిండుగా కనిపిస్తుంది. నాగార్జునసాగర్ వెనక జలాల్లో పుట్టంగండి దగ్గర కృష్ణ నీళ్లను ఎత్తిపోసి, అక్కంపల్లి మీదుగా మాధవరెడ్డి ప్రాజెక్టు కాల్వలో ఇక్కడిదాకా తెస్తున్నారు. నల్లగొండ పట్నం తాగేది ఈ నీళ్లే. మంచిదే. కానీ చెరువు మోటారుతో నిండుతున్నప్పుడు ఒక సంగతి జరుగుతుంది. వాన నీళ్లు ఏ వాగు నుంచి, ఏ ఒర్రె నుంచి వచ్చేవో జనం మర్చిపోతారు. మర్చిపోయిన ఒర్రె మీద మట్టి పడుతుంది, తర్వాత ప్లాటు పడుతుంది. కృష్ణలో నీళ్లు తక్కువగా వచ్చిన ఏడాది మళ్లీ పాతాళ పానీయే దిక్కు. మన గ్రానైటు నేలలో బోరు ఎంత లోతుకు పోతే ఫ్లోరైడ్ భయం అంత ఎక్కువ. వాన నీళ్లలో ఆ భయం లేదు. చెరువులు, కుంటలు నిండి ఇంకితే చుట్టుపక్కల బావుల్లో ఆ విషం పలచబడుతుంది కూడా.

సలహాలు వద్దన్నారు కాబట్టి సలహా ఇవ్వను. ఒక చందా అడుగుతాను. స్వర్ణోత్సవం గుర్తుగా శిలాఫలకంతో పాటు మన బడికి మూడు వస్తువులు కొందాం. ఒక వర్షమాపకం, ఫ్లోరైడ్ చూసే పరీక్ష కిట్టు, ఒక లావుపాటి రిజిస్టరు. వాన పడిన ప్రతి రోజూ ఒక పిల్లవాడో పిల్లో కొలిచి రాయాలి. ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం చివర ఒకసారి, వానల తర్వాత ఒకసారి, బడి చుట్టుపక్కల బావులు, బోర్ల నీళ్లు పరీక్షించి రాయాలి. మృగశిర కార్తె ముందు తొమ్మిదో తరగతిని సార్లు చెరువు కట్ట మీద నడిపించి తూము ఏది, అలుగు ఏది, నీళ్లు వచ్చే దారి ఏది అని చూపించాలి. ఆ దారులను పిల్లలే పటం గీయాలి. ఖర్చు పెద్దది కాదు. మొదటి ఏడాదిది నేను పెట్టుకుంటాను, రెండో ఏడాది నుంచి బ్యాచుకొకరు తీసుకోండి.

లెక్క కూడా మన లెక్కల సార్ ముందే చెప్తాను, తప్పుంటే దిద్దుతారు. వంద చదరపు మీటర్ల పైకప్పు, 700 మిల్లీమీటర్ల వాన. డెబ్బై వేల లీటర్లు. అదే కప్పు జైసల్మేర్‌లో ఉంటే ఇరవై వేలు కూడా రావు. ఆ ఇరవై వేలకు వాళ్లు లెక్క రాసుకున్నారు. మన డెబ్బై వేలకు మన బడిలో ఒక రిజిస్టరు ఉండాలని నా కోరిక.

పది, ఇరవై ఏళ్ల తర్వాత మన దగ్గర ఇరవై ఏళ్ల వాన లెక్క, బావుల లెక్క, వాగుల పటం ఉంటే, రేపు ఎవరైనా ఒర్రె పూడ్చడానికి వచ్చినప్పుడు చూపించడానికి మన చేతిలో కాగితం ఉంటుంది. ఆఫీసుల్లో పని చేసినవాడిగా చెప్తున్నాను, కాగితం ఉన్న ఊరి మాట వింటారు.

భోజనాల వేళయింది. వర్షమాపకం ఎక్కడ పెట్టాలో చెట్ల నీడ పడని చోటు చూసి ఉంచమని సైన్సు సార్‌ను కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.