సంఘం మాట, సభ్యుని ఓటు



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతున్నదో ఆ పెద్దాయనను నేను మొదట చూసింది బొగ్గు గని గేటు దగ్గర. మొదటి షిఫ్టు మస్టర్ పడే వేళ. మైకు లేదు, గొంతు ఒక్కటే. సమ్మె అనగానే ఆ గుంపులో లేవని చెయ్యి లేదు. అదే మనుషులు శాసనసభ ఎన్నికలు వచ్చేసరికి తలో జెండా పట్టారు. చిన్నవాణ్ణి కనుక అది ఆయనకు ఓటమి అనుకున్నాను. కాదని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ తెలిసిన సంగతే ఇవాళ మనవి చేస్తాను. అందుకు మిమ్మల్ని కాస్త దూరం, అమెరికాలోని లాస్ వేగాస్‌కు తీసుకువెళ్లాలి.

ఆ ఊరి హోటళ్లలో, కాసినోల్లో వంట చేసేవాళ్లు, గదులు సర్దేవాళ్లు, గిన్నెలు కడిగేవాళ్లు, వడ్డించేవాళ్లు కట్టుకున్న సంఘం కలినరీ యూనియన్ లోకల్ 226. సభ్యులు సుమారు 60 వేలు. అందులో సగానికి పైగా స్త్రీలు, సగానికి పైగా లాటిన్ అమెరికా మూలాలున్నవారు. ఆ సంఘం కట్టుబాటు ఎంతటిదో చెప్పడానికి ఒక్క సమ్మె చాలు. 1991 సెప్టెంబర్ 21న ఫ్రాంటియర్ హోటల్లో సుమారు 550 మంది పని ఆపి వీధిలోకి వచ్చారు. 1998 ఫిబ్రవరి 1 దాకా, అంటే 6 ఏళ్ల 4 నెలల 10 రోజులు, ఎడారి ఎండలో రాత్రీ పగలూ నిలబడ్డారు. ఆ మధ్యలో కొందరు కన్నుమూశారు, కొందరి ఇళ్లలో పిల్లలు పుట్టారు. సమ్మె విడిచి లోపలికి పోయినవారు ఒక్కరూ లేరు.

అలాంటి సంఘం ఫలానావారికి ఓటెయ్యమంటే ఏమవుతుంది?

2008లో, లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో డెమొక్రాటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి ఎంపికకు కాకస్ పెట్టింది. కాకస్‌లో చీటీ లేదు, పెట్టె లేదు. అందరూ ఒక గదిలో చేరి, తమకు నచ్చిన అభ్యర్థి వైపు నడిచి నిలబడాలి. కనీస బలం కూడని వర్గం వాళ్లు మరో వైపుకు మారవచ్చు. శనివారం మధ్యాహ్నం డ్యూటీలో ఉండే కార్మికుల కోసం ప్రధాన వీధిలోని హోటళ్లలోనే 9 చోట్ల కాకస్‌లు ఏర్పాటు చేశారు. జనవరి 9న సంఘం బరాక్ ఒబామాకు మద్దతు ప్రకటించింది. రెండు రోజులకే ఉపాధ్యాయ సంఘం, మరికొందరు కలిసి ఆ 9 కేంద్రాలను ఆపమని కోర్టుకెక్కారు. 17న ఆ వ్యాజ్యం వీగిపోయింది. ఆ గదులు ఒబామావేనని అటూ ఇటూ అందరి లెక్క.

జనవరి 19న బెల్లాజియో హోటల్ పెద్ద హాలు చూడండి. యూనిఫాం విప్పకుండానే, భోజన విరామంలో, వంటవాళ్లూ గదులు సర్దేవాళ్లూ వచ్చారు. సంఘం కార్యకర్తలు నినాదాలిస్తున్నారు. పక్క బల్ల దగ్గర రోజూ పనిచేసే మనిషి కళ్లెదుటే ఉంది. రేపు ఏదైనా తగాదా వస్తే తన తరఫున మాట్లాడాల్సిన సంఘం ప్రతినిధీ అక్కడే ఉన్నాడు. వాళ్లందరూ చూస్తుండగా చాలామంది ఒబామాకు పోటీగా ఉన్న హిల్లరీ క్లింటన్ వైపు నడిచారు. ఆ 9 కేంద్రాల్లో 7 హిల్లరీవే అయ్యాయి.

2020లో అదే ఎంపిక మళ్లీ వచ్చినప్పుడు సంఘం ఎవరికీ మద్దతు ప్రకటించలేదు. అభ్యర్థుల్లో ఒకరైన బెర్నీ శాండర్స్ తెస్తానన్న ప్రభుత్వ ఆరోగ్య బీమాతో, పోరాడి సాధించుకున్న తమ వైద్య పథకం పోతుందని మాత్రం కరపత్రాలు పంచింది. ఆ పథకం నీడలో కుటుంబాలతో కలిపి లక్షా ముప్పై వేల మంది ఉన్నారు. కాబట్టి ఆ భయం ఉత్తది కాదు. అయినా ఆ హోటళ్ల కేంద్రాల్లో ఎక్కువచోట్ల గెలిచింది శాండర్సే. తన వైద్యానికి కార్డుంది, ఆ కార్డు లేని తన బంధువు మాటేమిటని ఆలోచించినవారు వాళ్లలో ఉన్నారు.

సంఘం బలహీనపడింది కనుక ఇలా జరిగిందని నేను అనుకోను. 2001 నుంచి వలస కార్మికులకు పౌరసత్వం ఇప్పించే పని భుజాన వేసుకున్నది అదే. ఓటరుగా నమోదు చేయించేది, గడప గడపకూ తిరిగేది అదే. కార్మికుణ్ణి ఆ గది దాకా తెచ్చింది సంఘమే. ఇంకో మాట కూడా చెప్పాలి. సరైన కారణం లేకుండా ఉద్యోగంలోంచి తీసేయరాదన్న ఒప్పందం సంఘం కొట్లాడి తెచ్చినది. ఆ రక్షణ ఉన్న మనిషికే నలుగురి ముందు ఎదురు నిలబడే గుండె ఉంటుంది. సంఘం ఇచ్చిన ధైర్యంతోనే సంఘం మాట కాదన్నారు.

అలాగని నిలబడి వేసే ఓటును నేను మెచ్చను. ధైర్యం చాలనివారు కూడా ఓటర్లే. మెచ్చని వైపుకు మొహమాటంతో నడిచినవారి లెక్క ఎవరూ తీయలేరు. నెవాడా కూడా 2021లో చట్టం మార్చి, రహస్యంగా ఓటు వేసే ప్రైమరీ పోలింగ్‌కు మళ్లింది. మన సింగరేణి బొగ్గు గనుల్లో గుర్తింపు సంఘం ఎన్నికలు 1998 నుంచి రహస్య బ్యాలెట్‌తోనే జరుగుతున్నాయి. 2023 నవంబర్ 30న శాసనసభకు ఓటేసినప్పుడు బొగ్గు బెల్టులో ఎక్కువ సీట్లు కాంగ్రెస్‌కు దక్కాయి. డిసెంబర్ 27న గనుల్లో ఓట్లు పడినప్పుడు ఆ పార్టీ అనుబంధ ఐఎన్‌టీయూసీ ఓడి, ఏఐటీయూసీ గెలిచింది. ఊరికి ఎవరు, గనికి ఎవరు అన్నది కార్మికుడు వేరువేరుగా తూచుకున్నాడు.

కూలి, భద్రత, గౌరవం అందరికీ ఉమ్మడివి. వాటి కోసం చెయ్యెత్తమని అడిగే హక్కు సంఘానికి ఉంది. ఓటు అలా కాదు. దానిలో ఇల్లుంది, కులముంది, భాషుంది, ఊరుంది, పిల్లల చదువుంది. సంఘం తన అభిప్రాయం చెప్పాలి, కారణాలు చెప్పాలి, వాదించాలి. ఆ తర్వాత పక్కకు జరగాలి.

మన పెద్దాయన చేసింది అదే. పోలింగ్ కేంద్రం నుంచి బయటికి వచ్చిన మనిషిని ఏ గుర్తుకు వేశావని ఆయన ఏనాడూ అడగలేదు. మర్నాడు గేటు దగ్గర పిలిస్తే ఆ మనిషి వచ్చాడు.