సంతానలేమి: పురుషుని వంతు

నేను పటమటవాడను, చిరకాలము బడిపంతులుగా నుండి విశ్రమించినవాడను. మా ఊరు నేడు బెజవాడలో కలిసిపోయినది గాని, నా చిన్ననాడు పొలముల నడుమ నుండెడిది. రైతు పంచె ఎగగట్టి, వట్టిచేతితోనే ఎండ్రిను కలిపి చేనికి చల్లెడివాడు. దానికి మనవారు పెట్టిన పేరు పురుగుమందు. ప్రాణము తీయుదానిని మందనుట మన భాషలోని వింతలలో నొకటి.

1986వ సంవత్సరమున ఒక రైతు ఇంట ఎనిమిదేండ్లకును సంతానము కలుగలేదు. పెద్దలు కూర్చుండి, కోడలిని పుట్టినింటికి పంపుట యుక్తమని తీర్మానించిరి. సంస్కృతము చదివినవాడనని నన్నును పిలిచిరి. పురుషుని పరీక్షింపవలదా యని ఒక్కరును అడుగలేదు, నేనును అడుగలేదు.

పురుషత్వమును నడపు హార్మోను టెస్టోస్టిరోను. మెదడు క్రింది పీయూషగ్రంథి ఆజ్ఞ పంపగా వృషణములు దీనిని సిద్ధము చేయును. అది రక్తమున ప్రవహించి, జీవకణములలోని గ్రాహకమునందు, తాళపుచెవి కప్పలో దూరినట్లు కుదురుకొన్నపుడే పని జరుగును. డి.డి.టి. శరీరమున మారగా పుట్టు డి.డి.ఇ. యనునది దొంగ తాళపుచెవి వంటిది. తాను కప్పను తెరువదు, అసలు చెవిని దూరనీయదు. ఈ సంగతిని 1995లో అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకలయందు చూపిరి. మన దేశమున 1989లో సేద్యమునకు డి.డి.టి. నిషేధింపబడినను, అది క్రొవ్వులో చేరి ఏండ్ల తరబడి నిలుచునట్టిది.

ఎలుకల మాట మనకేల యందురేమో. కేరళలోని కాసరగోడు ప్రాంతమున జీడిమామిడి తోటలపై ఇరువది యేండ్లకు పైగా ఆకాశమునుండి ఎండోసల్ఫాను చల్లిరి. అచటి పడ్రె గ్రామపు బాలురు 117 మందిని, ఆ మందు సోకని ఊరి బాలురు 90 మందిని అహమ్మదాబాదు శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2003లో ఫలితమును ప్రకటించిరి. పడ్రె బాలురకు యౌవన లక్షణములు ఆలస్యముగా పొడసూపుచున్నవి, టెస్టోస్టిరోను తక్కువ. పీయూషగ్రంథి మాత్రము మరింత గట్టిగా ఆజ్ఞ పంపుచునేయున్నది, పిలిచినను పలుకని సేవకుని పిలిచినట్లు! 2011 మే నెలలో సుప్రీంకోర్టు ఆ మందును నిలిపివేసినది.

ఇక జన్మతః వచ్చు భేదము. ఆ గ్రాహకమును నిర్మించు జన్యువు తల్లి యిచ్చు ఎక్స్ క్రోమోజోమునందున్నది. మగవాని మగతనము తల్లి ఋణమే యన్నమాట. ఆ జన్యువులో మూడక్షరముల మాట యొకటి ఒకరికి పదునైదు మార్లు, వేరొకరికి ముప్పది మార్లు వల్లింపబడియుండును. వల్లె హెచ్చినకొలది గ్రాహకము మందగించును. అయినను దీనినే పట్టుకొని వేలాడరాదు. సంతానము లేని భారతీయ పురుషులలోను, ఉన్నవారిలోను ఈ వల్లెయందు చెప్పదగిన భేదము లేదని హైదరాబాదులోని సి.సి.యం.బి. పరిశోధకులు 2002లో ప్రకటించిరి. వై క్రోమోజోమున కొన్ని తునకలు లోపించుట కొందరి సంతానలేమికి కారణమని చూపినవారును వారే.

మీ యెదుటికి ఇట్టి పంచాయతీ వచ్చినచో, కోడలిని నిలదీయుటకు ముందు కుమారునికి వీర్యపరీక్ష చేయింపుడు. నొప్పి లేదు, ఖర్చు స్వల్పము. మందు కొట్టువారికి చేతితొడుగులు, ముక్కుగుడ్డ ఇప్పింపుడు.

ఆ రైతునకు పరీక్షయే జరుగలేదు. ఆ అమ్మాయికి పుట్టినింటివారు మరల పెండ్లి చేసిరి. పదేండ్ల పిమ్మట ఆమె బందరు కాలువ గట్టున ఎదురై, వెంటనున్న ఇద్దరు కుమారులచేత నాకు నమస్కారము పెట్టించినది. పిల్లలను దీవించితిని గాని, తలయెత్తి ఆమె ముఖము చూడలేకపోతిని.