పది లక్షల పుస్తకాల రాజ్ రెడ్డి గారు



మన కోయంబత్తూరు, మదురై వైపు తెలుగు ఇళ్ళలో ఒక సంగతి మీరందరూ ఎరిగినదే. మాట తెలుగు, చదువు తమిళం. కారమడై రంగనాథస్వామి మాసి తేరు నాడు జనంలో నిలబడి చెవి పెట్టండి, తెలుగు మాట వినబడుతుంది. ఆ మాటాడే పిల్లవాడి చేతికే ఒక తెలుగు పుస్తకం ఇస్తే, తలకిందులుగా పట్టుకున్నానని కూడా వాడికి తెలియదు. బడిలో తమిళంలోనూ ఇంగ్లీషులోనూ పాఠం చెప్పి, ఇంటికొచ్చి తెలుగు మాటాడే నాలాంటి వాళ్ళకు ఇది రోజూ కనబడేదే. అందుకే ఈనాటి ప్రసంగానికి ఆచార్య రాజ్ రెడ్డి గారిని ఎంచుకున్నాను. ఆయన జీవితంలో చేసిన పెద్ద పనులు రెండు. ఒకటి, యంత్రానికి మనిషి మాట వినడం నేర్పడం. రెండోది, పుస్తకాలను కంప్యూటరులోకి ఎక్కించి నిలబెట్టడం. చెవికి తెలుగు ఉండి కంటికి లేని మనకు ఈ రెండూ కావలసినవే.

ఆయన పూర్తి పేరు దబ్బల రాజగోపాల్ రెడ్డి. 1937 జూన్ 13న, అప్పటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టారు. ఆ ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషి ఆయనే. మద్రాసు గిండీ ఇంజనీరింగు కాలేజీలో 1958లో పట్టా తీసుకున్నారు. చదివింది సివిల్, అంటే కట్టడాలూ వంతెనలూ. తర్వాత ఆస్ట్రేలియాలో ఎం.టెక్., అక్కడే కొన్నాళ్ళు ఐ.బి.ఎం. ఉద్యోగం, 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు. 1969లో పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేరి అక్కడే స్థిరపడ్డారు. పిట్స్‌బర్గ్ అంటే మనవాళ్ళకు ముందు వేంకటేశ్వరస్వామి గుడి గుర్తుకొస్తుంది. కంప్యూటరు చదివిన వాళ్ళకు ముందు గుర్తుకొచ్చేది ఈయనే.

యంత్రం మాట వినడమంటే ఈ రోజు ఫోను చూసి మనం ఆశ్చర్యపోవడం మానేశాం. 1976లో ఆయన బృందం చేసిన ‘హార్పీ’ అనే ఏర్పాటు వెయ్యికి కాస్త పైగా మాటలను గుర్తుపట్టగలిగితే అది పెద్ద విజయం. 1979లో అక్కడ రోబోటిక్స్ సంస్థ పెట్టినప్పుడు దానికి తొలి డైరెక్టరు ఆయనే. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ బహుమతి అందుకున్నారు. కంప్యూటరు శాస్త్రంలో నోబెల్ అంతటిది అది. ఆసియాలో పుట్టినవారిలో అది అందుకున్న తొలి వ్యక్తి ఆయన. 2001లో మన ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది.

అరవై దాటాక చాలామంది సన్మానాలకు తిరుగుతారు. ఆయన పుస్తకాల మీద పడ్డారు. పది లక్షల పుస్తకాలను కంప్యూటరులోకి ఎక్కించి, ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా చదువుకొనేలా చేయాలన్నది సంకల్పం. భారతదేశం, చైనా, ఈజిప్టు చేయి కలిపాయి. మన దేశంలో బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూట్ ఆచార్యులు ఎన్. బాలకృష్ణన్ గారు భారం ఎత్తుకున్నారు. హైదరాబాదు ట్రిపుల్ ఐ.టి. మరో అండ. ‘డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా’ అని పేరు.

పని ఎలా జరిగేదో చెప్తాను, వినండి. పుస్తకాన్ని కుట్టు విప్పకుండా, కోయకుండా, వెల్లకిలా తెరిచి పెడతారు. పైన కెమెరా లాంటి యంత్రం. ఒక మనిషి పక్కన కూర్చుని పుట తిప్పడం, మీట నొక్కడం, మళ్ళీ పుట తిప్పడం. రోజంతా అదే. ఎక్కడో రాజ్ రెడ్డి గారి పేరు వెలిగిందంటే, ఇక్కడ పేరు తెలియని కుర్రవాళ్ళు, అమ్మాయిలు పాత కాగితపు దుమ్ము పీల్చుకుంటూ పుటలు తిప్పారు. 2007లో లెక్క తేలేటప్పటికి పదిహేను లక్షల పుస్తకాలు దాటాయి. చైనా భాషవి 9,70,000, ఇంగ్లీషువి 3,60,000. వాటి తర్వాత ఏ భాషో తెలుసా? మన తెలుగే, 50,000. అరబిక్ 40,000తో మన వెనక నిలిచింది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, దాచడం ఎందుకు? పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. ఒకే కవి పేరు నాలుగు విధాలుగా ఉంటుంది. వెతికేవాడికి పుస్తకం దొరకదు. కొన్ని పుటలు లేవు, కొన్ని వంకర. పైగా ఎక్కింది పుట బొమ్మ మాత్రమే, అక్షరం కాదు. కాబట్టి లోపల ఒక మాట వెతకాలంటే కుదరదు. తెలుగు అచ్చును యంత్రం చదవడం ఈ మధ్యనే కొంత సాధ్యమవుతోంది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి. 2017 నాటికి ఆ వెబ్‌సైటు పాఠకులకు అందకుండా పోయింది. అన్ని లక్షల పుటలు తిప్పిన శ్రమ గాలిలో కలిసిపోవలసిందే. అలా పోకపోవడానికి కారణం, అంతకుముందే కొందరు వాటిని దింపుకొని దాచుకోవడం. అమెరికాకు చెందిన కార్ల్ మలముద్ గారు లక్షల పుస్తకాలను ‘ఇంటర్నెట్ ఆర్కైవ్’ అనే ఉచిత భాండాగారంలో పెట్టారు. ఈవేళ ఎన్నో పాత తెలుగు పుస్తకాలు మన ఫోనులో తెరుచుకుంటున్నాయంటే ఆ రెండో ప్రతి పుణ్యమే.

రెండో ప్రతి సంగతి మన పూర్వులకు కొత్త కాదు. తాటాకుకు పురుగు పడుతుంది, అంచులు విరుగుతాయి. అందుకే తరతరానికీ కొత్త ఆకు మీద ఎక్కించారు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ దొర చేసింది కూడా ఇదే. జూలూరి అప్పయ్య గారి వంటి పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి, ప్రతులు పోల్పించి, శుద్ధప్రతులు రాయించాడు. అప్పులపాలయ్యాడు. ఆ సంపద మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉంది. మరోపక్క, ఆడి పద్దెనిమిది నాడు తాటాకుల కట్టలను పుణ్యమనుకొని ఏటిలో వదిలేసిన సంగతులు తమిళ పండితులు ఉ.వే. స్వామినాథయ్యర్ గారు రాసిపెట్టారు. వాటిలో ఏమి ఉండేదో ఇక ఎవరికీ తెలియదు.

మన అటకల మీద కూడా అలాంటి కట్టలు ఉన్నాయి. తాతగారి భూమి పత్రాలు, పెళ్ళి శుభలేఖలు, తెలుగులో రాసిన ఉత్తరాలు. చదవడం రాదని పిల్లలు పాతకాగితాల వాడికి వేసేస్తారు. రాజ్ రెడ్డి గారు చదువురాని వాళ్ళకూ అందే కంప్యూటరు కావాలని చాలాకాలం చెప్పారు, నమూనా కూడా చేయించారు. ఆ ఊహ మన పిల్లలకు సరిగ్గా సరిపోతుంది. పుట యంత్రం చదివి వినిపిస్తే అర్థం చేసుకోవడానికి వాళ్ళకు తెలుగు చాలినంత ఉంది. అప్పటిదాకా ఆ పుట ఇంట్లో మిగిలి ఉండాలి కదా!

కాబట్టి ఈ ఆడి మాసంలో ఇల్లు దులిపేటప్పుడు కట్ట కనబడితే, పగటి వెలుగులో, పుట పుటకూ ఫోటో తీయండి. ఎవరి కాగితమో, ఏ ఊరో, ఏ సంవత్సరమో ఒక చీటీ మీద తెలుగులో గానీ తమిళంలో గానీ రాసి, ఆ చీటీనీ ఫోటో తీయండి. ఫోనులో ఒకటి, ఇంకో ఊళ్ళో ఉన్న అన్నదమ్ముల దగ్గర ఒకటి ఉంచండి. అవ్వ చదవగలిగితే ఆమె చేత చదివించి రికార్డు చేయండి. ముందుగా ఆమె పేరూ, ఊరూ, ఆనాటి తేదీ ఆమె నోటితోనే చెప్పించండి.